పాత కుట్టు మిషన్ మీద మొదటి సంచి, ఆ తర్వాత చిన్న బొంత ఎలా కుట్టుకోవాలంటే

మిషన్ పాడైపోయింది, అమ్మేద్దామనుకుంటున్నా అని మా చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒక్కటే, సూది మార్చి ఎన్నాళ్ళయింది అని. చాలాసార్లు అవతలి నుంచి మాట రాదు. సూది విరిగితేనే కదా మార్చేది అంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకుని రెండు నెలలు మిషన్ జోలికే పోకుండా వదిలేశా. అందుకే ఇంట్లో మూలన దుప్పటి కప్పి పెట్టిన మిషన్‌ని బయటికి తీసి, దాని మీద ముందు ఒక కూరగాయల సంచి, తర్వాత పాత చీరలతో పసిపిల్లల బొంత కుట్టేదాకా ఏమేం చేయాలో వరసగా రాస్తున్నా. నేను టైలర్ని కాదు, హైదరాబాద్ మల్కాజ్‌గిరిలో ఇంట్లో ఆదివారాలు ఇష్టంతో కుట్టుకునే మనిషిని, కాబట్టి జాకెట్ కటింగ్, డ్రెస్ కొలతలు ఇందులో ఉండవు.

మిషన్ ఇంకా లేని వాళ్ళకి

మెరిట్, ఉషా, సింగర్ వాళ్ళ నల్ల మిషన్లు, కాలితో తొక్కేవి, ఇనుముతో పోత పోసినవి కాబట్టి నూనె వేసుకుంటూ ఉంటే తరాలు నడుస్తాయి, పార్టులు కూడా తేలిగ్గా దొరుకుతాయి. వాటి మీద తిన్నటి కుట్టు ఒక్కటే వస్తుంది, వంకరటింకరగా వెళ్ళే జిగ్‌జాగ్, కాజాలు కావాలంటే ఉషా జనోమే లాంటి ఎలక్ట్రిక్ మిషన్ చూసుకోవాలి. నన్నడిగితే మొదలుపెట్టడానికి నల్ల మిషనే మంచిది, మీ కాలు ఎంత మెల్లగా తొక్కితే అది అంత మెల్లగా వెళ్తుంది, చెయ్యి అలవాటు పడేదాకా మోటర్ పెట్టించకండి.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే మాత్రం మీ గుడ్డ మీరే తీసుకెళ్ళండి. నేను సికింద్రాబాద్‌లో ఒక షాపులో కొన్నా. షాపతను గంజి పెట్టిన మందపాటి గుడ్డ మీద గడగడా కుట్టి చూపించాడు, గీత గీసినట్టు వచ్చింది, అక్కడికక్కడే డబ్బులిచ్చేసి ఆటోలో వేసుకొచ్చేశా. ఇంటికొచ్చి మెత్తటి కాటన్ చీర ముక్క పెడితే నాలుగు కుట్లు పడితే రెండు పడట్లేదు. గుడ్డ గట్టిగా ఉంటే మిషన్‌లో చిన్నచిన్న లోపాలు బయటపడవని అప్పటికి నాకు తెలీదు. అందుకని ఒక పాత చీర ముక్క, ఒక జీన్స్ ముక్క, ఒక దారం రీలు బ్యాగ్‌లో వేసుకెళ్ళి, చీర ముక్క రెండు మడతల మీద, జీన్స్ నాలుగు మడతల మీద కుట్టించి చూడండి. తర్వాత దారం తీసేసి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి, ఎక్కడా పట్టేసినట్టు అనిపించకూడదు, చక్రం అటూఇటూ ఊగకూడదు. పైన రంగు పోయిందా బంగారు పువ్వులు చెరిగిపోయాయా అనేది అస్సలు పట్టించుకోకండి.

నా మిషన్ సంగతి ఏమైందంటే, చివరికి మా వీధి చివర ఉండే మెకానిక్ అన్నని పిలిచా. ఆయన ఒక్క స్క్రూ కూడా విప్పలేదు, సూది ఊడదీసి రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూసి, "ఇది ఫ్యాక్టరీ మిషన్ సూదమ్మా, కాడ చూడు మొత్తం గుండ్రంగ ఉంది, మన ఇంటి మిషన్ది ఒక పక్కన సాపుగ ఉంటది, గిది ఇందుల సరిగ కూసోదు" అన్నాడు. జేబులోంచి ఇంకో సూది తీసి పెట్టి అదే చీర ముక్క మీద కుట్టాడు. ఒక్క కుట్టు కూడా తప్పలేదు. రెండు నెలలు!

సూది, ముందు సూది

చేతి సూదికి బెజ్జం వెనక ఉంటుంది, మిషన్ సూదికి మొన దగ్గర ఉంటుంది. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంట్ తీసుకున్న మిషన్‌లో అసలు కిటుకు ఇదే, మొన దగ్గర బెజ్జం ఉన్న సూది, కింద ఇంకో దారం. సూది పై దారాన్ని గుడ్డలోంచి కిందికి తీసుకెళ్ళి మళ్ళీ కొంచెం పైకి లేచేటప్పుడు ఆ దారం ఒక పక్కకి చిన్న ఉంగరంలా వదులవుతుంది, ఆ ఉంగరాన్ని ప్లేట్ కింద తిరిగే షటిల్ కొక్కెం పట్టుకుని బాబిన్ (కింది దారం చుట్టి పెట్టే చిన్న రీలు) చుట్టూ తిప్పేస్తుంది, అప్పుడు పై దారం కింది దారం గుడ్డ మందంలో మెలిపడి కుట్టు అవుతుంది. సూది కొంచెం వంగినా, మొన మొద్దుబారినా, పూర్తిగా పైకి తోయకుండా బిగించినా, తిరగేసి పెట్టినా ఆ ఉంగరం సరైన చోట ఏర్పడదు, కొక్కెం దాన్ని పట్టుకోలేదు, కుట్టు తప్పుతుంది. మనం మాత్రం టెన్షన్ స్క్రూ (దారం బిగువు మార్చేది) మీద పడతాం.

సూదిని వెలుతురులో పెట్టి చూస్తే ఒక వైపు పైనుంచి మొన దాకా సన్నటి గాడి ఉంటుంది, రెండో వైపు బెజ్జం దగ్గర చిన్న పల్లం ఉంటుంది. పల్లం కొక్కెం వైపు ఉండాలి, దారం గాడి వైపు నుంచి ఎక్కించాలి. ఏ మిషన్‌కైనా ఈ లెక్కే, కాబట్టి సూదిలోకి దారం ముందు నుంచా పక్క నుంచా అన్న డౌట్ వచ్చినప్పుడు గాడి ఎటుందో చూసుకోండి.

షాపులో అడిగేటప్పుడు నంబర్ చెప్పాలి. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటే, 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటర్, 14 అంటే అదే సైజుకి మన షాపుల్లో అందరూ వాడే నంబర్. పల్చటి మల్ కాటన్‌కి, జాకెట్ లైనింగ్‌కి 11, మామూలు కాటన్‌కి 14, దుప్పట్లు, కర్టెన్ గుడ్డ, బొంత లాంటి వాటికి 16, జీన్స్‌కి 18. ఏడెనిమిది గంటలు కుట్టాక సూది మార్చేయడం మంచిది, ఇంత చవకైన వస్తువు కోసం గుడ్డ పాడు చేసుకోవద్దు. గుచ్చుకునేటప్పుడు టప్ టప్‌మని చప్పుడు వస్తుంటే మొన పోయిందని అర్థం.

నూనె, దారం, టెన్షన్

చాలాకాలం వాడని మిషన్ అయితే ముందు సూది కింద ప్లేట్ తీసి, పాత టూత్‌బ్రష్‌తో పళ్ళ మధ్య (గుడ్డని వెనక్కి లాగుతాయే, అవి) ఇరుక్కున్న నూగు అంతా తీయండి, ఫెల్ట్ గుడ్డలా గట్టిగా పేరుకుపోయి ఉంటుంది. తర్వాత పైన కనపడే ప్రతి చిన్న రంధ్రంలో, రెండు ఇనప ముక్కలు రాసుకునే ప్రతి చోటా ఒక్కో చుక్క మిషన్ నూనె వేసి, చక్రం కాసేపు తిప్పి రాత్రంతా వదిలేయండి. మిషన్ నూనె మాత్రమే. కొబ్బరి నూనె, వంట నూనె వేస్తే కొన్నాళ్ళకి జిగురులా గట్టిపడి మిషన్ బిగుసుకుపోతుంది. పొద్దున్నే పనికిరాని గుడ్డ మీద దారం లేకుండా కాసేపు కుట్టండి, మిగిలిన నూనె అంతా అది పీల్చుకుంటుంది.

దారం ఎక్కించేటప్పుడు మిషన్ పాదం (గుడ్డని పైనుంచి నొక్కి పట్టుకునే ఇనప ముక్క) పైకి ఎత్తి ఉండాలి, ఇది చాలా మంది మర్చిపోతారు. పాదం పైన ఉంటే టెన్షన్ బిళ్ళలు తెరుచుకుంటాయి, దారం మధ్యలోకి జారి కూర్చుంటుంది. పాదం దించి ఎక్కిస్తే దారం బిళ్ళల అంచు మీదే ఉండిపోతుంది, అప్పుడు గుడ్డ కింద దారం గుబురుగా పిచ్చుక గూడు కట్టేస్తుంది. కింద గూడు కట్టింది కదా అని అందరూ బాబిన్ తీసి చూస్తారు, తప్పు పైన ఉంటుంది. మొత్తం దారం తీసేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి, ఎక్కువసార్లు అంతటితో పోతుంది.

బాబిన్ టెన్షన్ చూసుకోవడానికి, బాబిన్‌ని కేస్‌లో పెట్టి దారం కొస పట్టుకుని గాల్లో వేలాడదీయండి. ఊరికే ఉంటే కదలకూడదు, చిన్నగా విదిలిస్తే రెండు మూడు అంగుళాలు జారి ఆగాలి. సర్రున నేల దాకా పడిపోతే వదులు, విదిలించినా రాకపోతే బిగువు. కేస్ మీద ఉన్న చిన్న స్క్రూ పావు వంతు తిప్పితే చాలు, అంతకన్నా తిప్పకండి, ఆ స్క్రూ ఊడి గచ్చు మీద పడితే ఇక దొరకదు, కింద తెల్ల గుడ్డ పరుచుకుని చేయండి. కింద సరిచూసుకున్నాక పైన టెన్షన్. గుడ్డ పైవైపు కింది దారం చుక్కలుగా కనిపిస్తే పైన బిగువు ఎక్కువైంది, కొంచెం వదులు చేయాలి. అడుగు వైపు పై దారం కనిపిస్తే పైన బిగించాలి. పైన ఎర్ర దారం, కింద పచ్చ దారం పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

ఇవన్నీ సరిచూసుకోవడానికి ఒక వరస పెట్టుకోండి, సూది, పై దారం, బాబిన్, ఆ తర్వాతే టెన్షన్. ఈ వరస తప్పొద్దు.

కాలు, చెయ్యి అలవాటు

దారం లేకుండా, రూళ్ళ నోట్‌బుక్ కాగితం పెట్టి గీతల మీద కుట్టండి. కుట్టు నేర్పే చోట మొదట చేయించేది ఇదే, రంధ్రాలు గీత మీద పడ్డాయా పక్కకి పోయాయా కళ్ళకి కనిపిస్తుంది. కాగితం సూదిని మొద్దుబారుస్తుంది కాబట్టి దీనికి పాత సూది పెట్టుకోండి. మొదలుపెట్టేటప్పుడు చక్రాన్ని కుడి చేత్తో మీ వైపుకి తిప్పి, అప్పుడు కాలు కలపాలి, వెనక్కి తిరిగితే దారం తెగిపోతుంది. సూదిని చూడకండి, పాదం అంచుని చూడండి, సూదిని చూస్తూ కుడితే గీత వంకర్లు పోతుంది. గుడ్డని లాగొద్దు కూడా, లాక్కెళ్ళడానికి కింద పళ్ళున్నాయి, మన చేతులు దారి చూపిస్తే చాలు. లాగితే సూది వంగుతుంది, వంగిన సూది ప్లేట్‌కి తగిలి విరుగుతుంది, ముక్క ఎగిరి ఎటు పోతుందో చెప్పలేం, దగ్గర్లో పిల్లలు లేకుండా చూసుకోండి.

సంచి

గుడ్డ కొనాలంటే మాకు దగ్గర జనరల్ బజార్, మీకు సుల్తాన్ బజార్ దగ్గరైతే అక్కడ, మదీనా వైపు కూడా మస్తు షాపులున్నాయి. ఏటా జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో చేనేత స్టాళ్ళు వస్తాయి, నేనైతే అక్కడ ముందు కట్ పీసుల గుట్ట వెతుక్కుంటా. కానీ మొదటి సంచికి డబ్బులు పెట్టొద్దు, పాత కాటన్ దుప్పటో కర్టెనో తీసుకోండి. కొత్త గుడ్డ అయితే కత్తెర పెట్టే ముందు నీళ్ళల్లో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి, కాటన్ కుంచించుకుపోతుంది, ఇది చేయకపోతే మొదటి ఉతుక్కే సంచి మెలితిరుగుతుంది. రంగు పోయే గుడ్డ అయితే నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకండి.

వెడల్పు 16 అంగుళాలు, పొడవు 18 అంగుళాలు ఉండేలా రెండు ముక్కలు. పట్టీలకి 4 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు ఉన్న ముక్కలు రెండు, పొడవు గుడ్డ నిలువులోనే కత్తిరించండి, అడ్డంలో కత్తిరిస్తే బంగాళదుంపల బరువుకి సాగిపోతుంది.

ముందు పట్టీలు. రెండు అంచులూ మధ్యకి మడిచి, మళ్ళీ సగానికి మడిస్తే 1 అంగుళం పట్టీ అవుతుంది, నాలుగు పొరలు. ఇస్త్రీ పెట్టె పక్కనే పెట్టుకోండి, మడిచిన ప్రతిసారీ నొక్కండి. నిజం చెప్పాలంటే సగం కుట్టు పని ఇస్త్రీ పెట్టెదే, దాన్ని వదిలేసి కుట్టినవాటికీ నొక్కి కుట్టినవాటికీ చూడగానే తేడా తెలుస్తుంది. రెండు అంచుల మీదా కుట్టు వేయండి.

ఇక సంచి. నల్ల మిషన్ మీద జిగ్‌జాగ్ లేదు కాబట్టి పోగులు ఊడకుండా అంచుని కుట్టు లోపల దాచేద్దాం. రెండు ముక్కల ఉల్టా వైపులు ఒకదానికొకటి ఆనేలా, అంటే సీదా బయటికి కనపడేలా పెట్టండి, ఇది తప్పు అనిపిస్తుంది, కానీ ఇలాగే పెట్టాలి. రెండు పక్కలా, అడుగునా పావు అంగుళంలో కుట్టండి. పోగులు కత్తిరించి, మూలలు కొంచెం కోసి, సంచిని తిరగేసి, అంచులు ఇస్త్రీ చేసి, ఇప్పుడు లోపలి వైపు నుంచి మళ్ళీ అదే మూడు వైపులా అర అంగుళానికి కొంచెం తక్కువలో కుట్టండి. పచ్చి అంచులన్నీ ఈ రెండు కుట్ల మధ్య ఇరుక్కుని కనపడకుండా పోతాయి. పదేళ్ళు ఉతికినా లోపల పోగు ఊడదు.

అడుగు పెట్టెలా రావాలంటే, సంచి ఇంకా ఉల్టా ఉండగానే ఒక మూలని పట్టుకుని పక్క కుట్టు, అడుగు కుట్టు ఒకదాని మీద ఒకటి వచ్చేలా చదును చేయండి, త్రికోణం వస్తుంది. కొస నుంచి కుట్టు మీదుగా 2 అంగుళాలు కొలిచి అడ్డంగా చాక్‌తో గీయండి, ఆ గీత పొడవు సరిగ్గా 4 అంగుళాలు రావాలి, రాకపోతే మడత వంకరగా ఉందన్నమాట. గీత మీద రెండుసార్లు కుట్టండి. రెండో మూల కూడా అంతే. ఇక్కడ కుట్టు మీద కుట్టు వచ్చి మందం పెరుగుతుంది, పాదం ముందు వైపు లేచి మిషన్ అక్కడే తొక్కుతూ నిలబడిపోతుంది. అట్ట ముక్కని అదే మందం వచ్చేలా మడిచి పాదం వెనక కింద పెట్టండి, పాదం సమంగా అవుతుంది, గట్టు దాటాక తీసేయండి. ఆ గట్టు మీద కాలు తీసేసి చేత్తోనే చక్రం తిప్పాలి.

పై అంచుని అర అంగుళం, మళ్ళీ ఒకటిన్నర అంగుళం లోపలికి మడిచి, మధ్య నుంచి అటు 3, ఇటు 3 అంగుళాల దూరంలో పట్టీల కొసలు ఆ మడత కిందికి దూర్చి, రెండు వైపులా పట్టీలు సమంగా ఉన్నాయా మెలిపడ్డాయా చూసుకుని చుట్టూ కుట్టండి. తర్వాత పట్టీలు పైకి తిప్పి, అవి అంచుని దాటే చోట చిన్న చతురస్రం, దానిలో అడ్డంగా ఇంటూ మార్క్ కుట్టండి. బరువంతా అక్కడే పడుతుంది. నా మొదటి సంచికి ఈ ఇంటూ కుట్టు వేయలేదు, మోండా మార్కెట్ మెట్ల దగ్గర పట్టీ ఊడి టమాటాలన్నీ రోడ్డు మీద దొర్లాయి.

బొంత

ఇలాంటివి నాలుగు సంచులు కుట్టాక బొంతకి రండి, తిన్నటి గీత కుదిరితే బొంత కుదిరినట్టే. మా అమ్మమ్మ బొంతలు చేత్తోనే కుట్టేది, నేల మీద చీరలు పరిచి, చుట్టూ ఇద్దరు ముగ్గురు కూర్చుని, మధ్యాహ్నాలన్నీ అదే పని. అతుకుల బొంత అని జనం ఏదో చులకనగా అంటారు కానీ ఆ అతుకులు కలపడంలో ఎంత ఓపిక ఉందో కుట్టినప్పుడే తెలిసింది నాకు.

చిన్న బొంతకి ఎనిమిదిన్నర అంగుళాల చదరాలు 20 కావాలి. అట్ట ముక్క ఒకటి ఆ కొలతకి కోసి, దాని చుట్టూ చాక్‌తో గీసి కత్తిరించండి, ఒక్కో చదరం టేపుతో కొలిస్తే ఒక్కోటి ఒక్కోలా వస్తుంది. అన్నీ కాటన్ చీరలే వాడండి, సిల్కు, పాలిస్టర్ కలిపితే ఉతికాక ఒకటి ముడుచుకుంటుంది ఒకటి ముడుచుకోదు. చీరలో మడమల దగ్గర అరిగిన చోటు వదిలేసి, మధ్యలో గట్టిగా ఉన్న చోట కోయండి, వెలుతురుకి ఎత్తి చూస్తే పల్చబడిన చోటు కనపడిపోతుంది. నేల మీద వరసకి 4 చొప్పున 5 వరసలు పరిచి, ఒకే రంగు పక్కపక్కన రాకుండా సర్దుకుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పావు అంగుళం కుట్టుతో ముందు వరసలు, తర్వాత వరసకి వరస కలపండి. వరసలు కలిపేటప్పుడు ఒక వరస కుట్లు ఎడమకి, తర్వాతి వరస కుట్లు కుడికి ఇస్త్రీ చేస్తే మూలలు ఒకదానికొకటి తాళంలా ఆనుకుంటాయి, చదరాలు కచ్చితంగా కలుస్తాయి. అంతా కలిపాక 32 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు వస్తుంది, అంచుల్లో పావు అంగుళం అటూఇటూగా.

కింద మెత్తటి చీర ఒక పొర, మధ్యలో పాత చీర రెండు మూడు పొరలు, పైన ఈ అతుకుల గుడ్డ. కింది పొరని ముడతల్లేకుండా నేలకి టేపు అంటించి పరిచి, దాని మీద మిగతావి వేసి, చేత్తో మధ్య నుంచి బయటికి నిమురుతూ, జానెడుకో పిన్నీసు చొప్పున పెట్టండి. పిన్నీసులు తక్కువ పెడితే బాధపడేది తర్వాతే, ఎందుకంటే కింద పళ్ళు కింది పొరనే లాగుతాయి, పైన పాదం పై పొరని నొక్కి ఆపుతుంది, దాంతో పై గుడ్డ ముందుకి తోసుకొచ్చి చివర్లో ముడతగా మిగిలిపోతుంది. ఇక ఈ పొరలన్నీ కలిపి గీతలుగా కుట్టాలి, దీనికి 16 నంబర్ సూది, కాటన్ దారం, కుట్టు బాగా పెద్దది, పాదం ఒత్తిడి స్క్రూ కొంచెం వదులు. ఎప్పుడూ మధ్య గీత నుంచి మొదలుపెట్టి బయటికి కుట్టుకుంటూ రావాలి. కుట్టని సగాన్ని చాపలా చుట్టి మిషన్ లోపలి వైపు పెట్టుకోండి, బయట ఉన్న సగానికి పక్కన ఒక కుర్చీ వేయండి, బరువు వేలాడితే సూది వంగుతుంది.

అంచుకి చీర అంచునే వాడండి, రెండున్నర అంగుళాల పట్టీ. ముందు వైపు పావు అంగుళంలో కుట్టి, వెనక్కి మడిచి, వెనక వైపు మాత్రం చేత్తో హెమ్మింగ్ చేయండి, పసిపిల్లల ఒంటికి తగిలేది కదా, మిషన్ కుట్టు కన్నా మెత్తగా ఉంటుంది. జరీ ఉన్న ముక్క ఎంత ముద్దొచ్చినా పిల్లల బొంతలో వేయొద్దు, గుచ్చుకుంటుంది. అంతా అయ్యాక పిన్నీసులు లెక్కపెట్టి తీయండి, ఎన్ని పెట్టారో ముందే ఒక కాగితం మీద రాసుకుంటే మంచిది.

వాడే ముందు ఒకసారి ఉతకాలి. తడిస్తే బొంత చాలా బరువెక్కుతుంది, ఒకే తీగ మీద వేలాడదీస్తే కుట్లు లాగినట్టు అయిపోతాయి, రెండు తీగల మీద పరిచినట్టు వేయండి, లేకపోతే డాబా పిట్టగోడ తుడిచి దాని మీద ఆరేసి, మధ్యాహ్నం ఒకసారి తిరగేయండి.